పల్లం వదలొద్దు

సియెనా, ఇటలీ దేశం
1899 ఏప్రిల్ 9

అక్కకి తమ్ముడు జీవరాజు వందనాలు.

బతికే ఉన్నాం. ముందు ఆ ముక్క రాయమన్నాడు బావ. ఓడలో ఉన్నన్నాళ్ళూ నేను కక్కుకుంటూ పడుంటే, మీ ఆయన నాకు రావలసిన రొట్టె కూడా తనే తిన్నాడు. అక్షరం రాకపోయినా ఆకలి బాగా వచ్చిన మనిషి! ఆయన చెప్పేవీ నేను చెప్పేవీ కలిపి నేనే రాస్తాను, ఏది ఎవరిదో నువ్వే పోల్చుకో.

ఇక్కడ మా పనేంటో మీ అత్తగారికి నువ్వే చెప్పాలి, నేను బయల్దేరే ముందు ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. మన కాలువల దొర పింఛను పుచ్చుకున్నాక ఊరికే కూచోలేకపోయాడు. నరసాపురం కాలువ గట్టు మీద బళ్ళు తోలనివ్వరు కదా, ఆ గట్టంట సైకిలు మీద తిరిగి తిరిగి రుచి మరిగాడు. ఇప్పుడు ఈ దేశపు కొండల్లో అలాంటి దారులు వెతికి పుస్తకం వేస్తాడట. బండీ గుర్రమూ అడ్డురాకూడదు, చూడ్డానికి కన్నులపండువుగా ఉండాలి. అది చదువుకుని దొరలూ దొరసానులూ సైకిళ్ళేసుకుని ఊరేగుతారట. డబ్బున్నవాళ్ళ వేడుకలు! రైలు పడ్డాక ఇక్కడి పాత దారుల్లో బళ్ళు తిరగడం మానేశాయి. పొద్దుటి నించి సాయంత్రం దాకా తెల్లటి దుమ్ము దారి, పక్కన ద్రాక్ష తోటలు, సరుగుడు చెట్లలాగా నిటారుగా ఏవో నల్లటి చెట్లు, అంతే. మనిషి కనబడడు. నాకు వంట పని, బావకి సైకిళ్ళ మరమ్మతు. అదొక్కటే కాదు, కొత్త దారి వచ్చినప్పుడల్లా దొర బావని ముందు పంపుతాడు. బావ చూసి కేకేశాక దొర కదులుతాడు, దొర వెనక నేను.

ఊళ్ళన్నీ కొండల నెత్తిన కట్టుకున్నారక్కా. నీళ్ళ కోసమైనా దిగాలని లేదా వీళ్ళకి! మనం పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఎత్తల్లా కాలువ గట్టే. ఇక్కడ మెరక వస్తే సైకిలు ఎక్కే వీల్లేదు, దున్నపోతుని తోసినట్టు తోసుకుంటూ పోవడమే. మెరక ఎంత ఏడిపిస్తుందో పల్లం అంత ముద్దొస్తుంది. బావకైతే పల్లం పిచ్చి పట్టుకుంది. నిన్న దొర ఆయనకి కనుచూపు మేర పల్లం చూపించి, "ఇదంతా నీదే, పో" అన్నాడు. బావ సంతోషం చూడాలి నువ్వు! "మా నాన్న జన్మలో ఇలాంటి పల్లం ఎరగడు" అన్నాడు నాతో.

క్రిస్మసుకల్లా ఇంట్లో ఉంటాం. నీ లేసు అల్లిక ఎలా సాగుతోంది? కళ్ళు జాగ్రత్త.

నీ తమ్ముడు
జీవరాజు

నరసాపురం
1899 మే 8

తమ్ముడు జీవరాజుకి అక్క దీనమ్మ దీవెనలు. మీ బావగారికి వందనాలు, ఆయన అడిగితేనే చెప్పు.

ఒరే, ఎంత మాట రాశావురా! పల్లం గురించి రాసిన ముక్క నాలుగుసార్లు చదివాను. నేను చదవడం అయ్యాక మా అత్తకి చదివి వినిపించాను. ఆవిడ మళ్ళీ చదవమంది. "ఇదంతా నీదే" అన్నాడా దొర? ఆ మాటే అన్నాడా? కాలువల దొర మంచివాడని నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను, మీరిద్దరే వెనకాల ఏవో కూసేవాళ్ళు.

పల్లం అంటే మాటలా? మెరక చెక్క ఉన్నవాళ్ళే మన పేటలో లేరు, నీరు పారే పల్లం ఎవడికుంది? మా మామ, కామందు గంగరాజు గారి పల్లంలోనే పుట్టి, అందులోనే నడుం విరిగి, ఆ చేను గట్టు మీదే ప్రాణం వదిలాడు. చచ్చేనాటికి ఆయనకి పిడికెడు మట్టి లేదు. ఆయన కొడుక్కి సముద్రం అవతల కనుచూపు మేర పల్లం! మా అత్త ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలీలేదు. వరి పండుతుందా అని అడగమంది. నీరు ఎక్కడి నించి వస్తుంది? కొండలంటున్నావు, చెరువులా? అమ్ముకుని ఇక్కడ కొంటారో, మమ్మల్నే అక్కడికి రమ్మంటారో మీ బావ ఏమన్నా అన్నాడా?

దొరల బుద్ధి గాలివాటం. ఇచ్చిన చేత్తోనే లాక్కుంటారు. మీ బావకి నా మాటగా గట్టిగా చెప్పు. దొరికిన పల్లం వదలొద్దు. ఎవరేమన్నా వదలొద్దు. అసలే మెతక మనిషి, ఎవడో వచ్చి "అబ్బాయ్ తప్పుకో" అంటే తప్పుకుని నిలబడతాడు.

లేసు అల్లుతున్నాను, కళ్ళు మండుతున్నాయి, పని ఇచ్చే క్రైస్తవ మిషను దొరసాని తిడుతోంది. ఎండలు మండిపోతున్నాయి. అన్నీ మామూలే.

నీ అక్క
దీనమ్మ

కొండమీద ఊరు, సియెనాకి తూర్పున
1899 జూన్ 5

అక్కా,

నీ ఉత్తరం మొన్న చేరింది. బావకి పైకి చదివాను. కడుపు పట్టుకుని దొర్లి దొర్లి నవ్వాడు. ఆ తరవాత లేచి కూచుని, "మీ అక్క మా నాన్న పేరు ఎత్తిందేంట్రా" అన్నాడు.

నువ్వనుకున్న దానికీ ఇక్కడి దానికీ కొంచెం తేడా ఉంది. రాద్దామని కాగితం తీస్తే బావ చెయ్యి పట్టుకున్నాడు. "పాపం, ఇన్నేళ్ళకి ఒక సంతోషం వచ్చింది దానికి. ఉండనీరా. వచ్చాక ఎదురుగా కూచుని నేనే చెబుతాను, రెండు తిట్లు తింటాను" అన్నాడు. అందుకని రాయటం లేదు. మీ మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకు?

నీ మాట మాత్రం ఆయనకి మంత్రం అయిపోయింది. పల్లం ఎదురైతే చాలు, "మీ అక్క వదలొద్దంది రోయ్!" అని నాకేసి తిరిగి అరుస్తాడు. దొర అర్థం అడిగితే చెప్పాను, ఆయనా నవ్వాడు. మరీ పెద్ద పల్లంలో దిగేటప్పుడు బావ వెనకాల ఒక పెద్ద కొమ్మ కట్టి ఈడుస్తాడు. ఆ దుమ్ముకి దొరకి దగ్గు. కొమ్మ మానెయ్యమని గొడవ చేస్తున్నాడు.

ఇక్కడ తిండి మొక్కజొన్న సంకటి. ఆవకాయ జాడీ అడుగంటింది. మొన్నొక చోట బియ్యం దొరికితే వండాను, బావ కళ్ళనీళ్ళు పెట్టుకుని తిన్నాడు. ఈ దారులు మనుషుల కోసం కాదనిపిస్తుంది నాకు ఒక్కోసారి. అంత అందం, మాట్లాడ్డానికి పిట్ట లేదు. మన గట్టు మీద అయితే ఈపాటికి పదిమంది "ఎక్కడికండీ?" అని అడిగి ఉండేవారు.

నేను పల్లంలో దిగి నడిచే పోతాను. నాకంత ధైర్యం లేదు. బావ నన్ను చూసి వెక్కిరిస్తాడు, వెక్కిరించనీ.

నీ తమ్ముడు
జీవరాజు

అదే ఊరు
1899 జూన్ 28

అక్కా,

ఎలా రాయాలో తెలీటం లేదు.

బావ నిన్న పల్లంలో పోయాడక్కా. నేను వెనకాలే ఉన్నాను. అరిచాను, వినిపించుకోలేదు. ఆపడం నా వల్ల కాలేదు. ఇక్కడ కొండమీద సన్యాసినుల మఠం ఉంది. వాళ్ళు మంచివాళ్ళు, తమ తోటలోనే బావకి చోటిచ్చారు. ఖర్చంతా దొర పెట్టుకున్నాడు.

బావ ఇక రాడు. మీ అత్తగారికి నువ్వే నెమ్మదిగా చెప్పు. నన్ను క్షమించు. నా చేతిలో పెట్టి పంపావు, నిలుపుకోలేకపోయాను.

జీవరాజు

నరసాపురం
1899 జులై 2

తమ్ముడికి దీవెనలు.

జూన్ ఉత్తరం చేరింది. తేడా ఏంటో రాస్తే నీ సొమ్మేం పోయింది? ఎకరాలు తక్కువా? కౌలుకా? కౌలయినా నాకు చాలని మీ బావతో చెప్పు. వెనకాల కొమ్మ కట్టి ఈడుస్తున్నాడంటే నీరు పెట్టి దమ్ము చెయ్యడం అయిపోయి, చేను చదును చేసేదాకా వచ్చారన్నమాట. మా అత్త ఆ ముక్క వినగానే, "మావాడికి చేను మీద పలక తోలడం వాళ్ళ నాన్న నేర్పాడు" అని వీధిలో అందరికీ చెప్పుకొచ్చింది. దుమ్ము లేస్తోందంటే మరి నీరు చాలటం లేదేమో చూసుకోండి. ఎండు దుక్కిలో కొమ్మ ఈడిస్తే ఏం లాభం?

ఇక్కడ మాత్రం చిక్కొచ్చి పడింది. ఊడ్పులకి రమ్మని గంగరాజు గారు కబురు పెట్టారు. మా అత్త వెళ్ళి ఆయన అరుగు ముందు నిలబడి, "మాకూ పల్లం వచ్చిందండి, ఇక మీ చేలోకి రామండి" అనేసి వచ్చింది. ఆయన నవ్వాడట. మర్నాడు పాలేరు చేత, "పల్లం ఉన్నోళ్ళకి మా మెరక మీద పాక ఎందుకు? పంటలయ్యేలోపు పీక్కోండి" అని చెప్పించాడు. నేను వెళ్ళి కాళ్ళావేళ్ళా పడాలా, పోతేపోనీ అని కూచోవాలా? మీ బావని అడిగి వెంటనే రాయి. ఆయన ఒక్క మాట అంటే నాకు ఏనుగంత బలం.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. పులసలు ఎక్కుతున్నాయని జాలరిపేట వాళ్ళు సంబరపడుతున్నారు. మీ బావకి పులస ఎంత ఇష్టమో! వచ్చే ఏడు తినిపిస్తానని చెప్పు.

దీనమ్మ

నరసాపురం
1899 జులై 27

ఒరే జీవరాజూ,

దీవెనలూ లేవు, ఏమీ లేవు.

పల్లంలో పోయాడా? ఆ యావలో పడి కొట్టుకుపోయాడా? ఇక రాడా? ఆ మాట ఆయన చెబితే రాశావా, నీ అంతట నువ్వు రాశావా? ఆయనకి నోరు లేదా, "దీనమ్మా, నిన్నొద్దనుకున్నాను" అని ఒక్క ముక్క చెప్పి రాయించడానికి?

సన్యాసినులు తోటలో చోటిచ్చారా! పెళ్ళాం ఉన్నవాడికి సన్యాసినుల తోటలో చోటేంట్రా? అక్కడ నీళ్ళు తోడి పాదులు తవ్వుతాడా? ఖర్చు దొర పెట్టుకున్నాడట, దొర పాపం ధర్మరాజు! నువ్వు అరిస్తే వినిపించుకోలేదా? ఎప్పుడు విన్నాడు గనక? నేనిక్కడ కళ్ళు పోయేలా లేసు అల్లి ఆయన తల్లికి గంజి పోస్తుంటే, ఆయనకి అక్కడ మఠమూ, తోటా, పల్లమూ!

మా అత్తకి నెమ్మదిగా చెప్పమన్నావు. చెప్పాను. నెమ్మదిగా కాదు, గట్టిగానే చెప్పాను. "నీ కొడుకు మనల్ని వదిలేసి అక్కడే ఉండిపోయాడు" అని చెప్పాను. ఆవిడ నన్నే తిట్టింది. "నీ నోటికి భయపడే పారిపోయాడే" అంది. రెండ్రోజులు గంజి ముట్టలేదు. గంగరాజు గారి మనిషి మళ్ళీ వచ్చి పాక చుట్టూ తిరిగి వెళ్ళాడు.

నేను పల్లం వదలొద్దన్నాను గానీ నన్ను వదిలెయ్యమన్నానా? అంత భూమి యావేంట్రా మనిషికి? బతికుండగానే నన్ను విధవని చేశాడు. ఆయనతో చెప్పు. ఆ పల్లంలోనే పడుండమను. ఆ మట్టే ఆయన నోట్లో పడ! మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దను.

దీనమ్మ

ఫ్లారెన్సు
1899 ఆగస్టు 22

అక్కా,

బావ చచ్చిపోయాడు. జూన్ ఇరవై ఏడున, మధ్యాహ్నం. ఇంతకంటే తేటగా రాయడం నాకు చేతకాదు. మొదటే ఇలా రాయాల్సింది. చావు కబురుకి వాడే నల్ల అంచున్న కాగితం దొర ఇస్తానంటే నేనే వద్దన్నాను. అది చూడగానే నీ గుండె ఆగిపోతుందని భయపడ్డాను. పోయాడంటే తెలుస్తుంది కదా అనుకున్నాను. నీ జులై రెండో తారీకు ఉత్తరం వచ్చింది గానీ, అది నా కబురు అందకముందు రాసిందిలే అని ఊరుకున్నాను. నిన్న ఈ తిట్ల ఉత్తరం వచ్చాక తెలిసింది, ఇన్నాళ్ళూ నీకు మొగుడు బతికే ఉన్నాడని.

ఇక్కడ పల్లమంటే భూమి కాదు. కొండ దారి కిందికి జారడం. మన ఇంటి చూరు వాలు ఎలా ఉంటుందో అలాంటి దారి మైలు పొడుగున ఉంటుంది. సైకిలు ఎక్కి కూచుంటే తొక్కక్కర్లేదు, అదే దిగిపోతుంది. బావకి దానిమీద మోజు. దొర "ఇదంతా నీదే" అన్నది ఆ దిగే దారి గురించి. ఎవరూ ఎవరికీ సెంటు భూమి ఇవ్వలేదు.

ఆయన సైకిలుకి బ్రేకు లేదు. మన నల్లమట్టి చక్రానికీ దానికీ మధ్య ఇరుక్కుంటోందని నరసాపురంలోనే పీకి పారేశాడు. మన గట్టు మీద దానితో పనేముంది? తొక్కడం ఆపితే బండి ఆగుతుంది. ఇక్కడికొచ్చాక వేసుకోమని దొర ఒకసారి చెప్పాడు, బావ సరే అన్నాడు, ఇద్దరూ మర్చిపోయారు. దానికి బదులే ఆ కొమ్మ. వెనకాల కొమ్మ ఈడుస్తుంటే జోరు తగ్గుతుంది. ఆ రోజు దుమ్ము పడలేక దొర కొమ్మ విప్పించాడు.

బళ్ళు అడ్డురాని దారి కదా, ఏ భయమూ లేదన్నాడు దొర. బళ్ళు లేకపోవడమే కొంప ముంచింది. బండి ఉంటే దానికైనా జాగ్రత్తపడి మెల్లిగా దిగేవాడు. సగం దారిలో మలుపుంది, మలుపు దగ్గర రాతిగోడ. మన గట్టు తాడు పరిచినట్టు తిన్నగా పోతుంది, ఆయనకి మలుపేం తెలుసు? గిర్రున తిరిగే పెడళ్ళ మీంచి కాళ్ళు తప్పిపోయాయి. నేను పరుగెత్తుకుంటూ దిగేసరికి గోడ అవతల ఉన్నాడు. ఊపిరి లేదు.

నువ్వు అడిగావు కదా, భూమి యావ ఎవరికని. నీకే. ఆయనకి లేదు. దిగేముందు నాకేసి తిరిగి, "మీ అక్క వదలొద్దంది రోయ్!" అని నవ్వుతూ బండి వదిలేశాడు. అదే ఆఖరు మాట. నోట్లో మట్టి పడాలన్నావు. పడింది. నేనే తుడిచాను.

ఈ నాలుగు ముక్కలూ కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను.

ఆ దారిని దొర పుస్తకంలోంచి తియ్యలేదు. "చూడముచ్చటైన దారి, బళ్ళు ఉండవు, దిగేటప్పుడు జాగ్రత్త" అని రాసుకున్నాడు. బావ సంగతి అంతే, ఆ జాగ్రత్త అన్న మాటతో సరి. నన్ను ముందు వెళ్ళమన్నాడు. వెళ్ళనన్నాను. ఓడ టిక్కెట్టు ఇమ్మని అడిగాను. ఇస్తానన్నాడు. నవంబరులో బయల్దేరతాను.

జీవరాజు

నరసాపురం
1899 సెప్టెంబరు 25

తమ్ముడు జీవరాజుకి,

ఉత్తరం అందింది. జవాబు రాయడానికి వారం పట్టింది. మొదట రాయకూడదనుకున్నాను.

మీ బావ పోయాక నెల రోజులకి ఆయన్ని నోట్లో మట్టి పడమని తిట్టాను. ఆ తరవాత రెండు నెలలు ఆయన మీద కోపంగా ఉన్నాను. రోజూ పొద్దున్న లేవగానే, ఆ తోటలో ఎవరో ఆడమనిషి ఆయనకి నీళ్ళు అందిస్తున్నట్టు కనబడేది. ప్రార్థనలో ఆయన పేరు ఎత్తడం మానేశాను. మిగతా ఆడవాళ్ళు తెల్లచీర కట్టి ఏడుస్తారు, నేను రంగుచీర కట్టి శాపాలు పెట్టాను. దీనికి దేవుడు నన్ను ఏం చేస్తాడో తెలీదు. ఏం చేసినా పడతాను.

నువ్వు మాత్రం ఆ ఆఖరి ముక్క ఎందుకు రాశావురా? చచ్చిపోయాడని రాస్తే సరిపోయేది కదా. నేను తిట్టానని నన్ను కొట్టాలనిపించింది నీకు. కొట్టావు. తగిలింది. అల్లుతుంటే, అన్నం వండుతుంటే, పడుకుంటే, ఆయన ఆ మాట అని నవ్వుతాడు. నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు, పై పన్ను ఒకటి విరిగి ఉంటుంది కదా. మనిషి ఎలా పడ్డాడో నాకు ఊహకి అందదు, నేను కొండ ఎరగను. నవ్వు మాత్రం కళ్ళకి కడుతుంది.

అత్తకి చెప్పాను. ఈసారి నెమ్మదిగానే చెప్పాను, పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని. "అయితే పారిపోలేదా?" అంది ముందు. "లేదత్తా" అన్నాను. "నా కొడుకు పారిపోలేదు" అని వాకిట్లోకి వెళ్ళి పేట మొత్తానికి వినబడేలా అరిచి వచ్చింది. ఆ తరవాత ఏడ్చింది. గంగరాజు గారికి తెలిసింది. పాక జోలికి రానన్నాడు, జాలి పడ్డాడట. కలుపుకి రమ్మన్నాడు. నిన్నటి నించి ఇద్దరం ఆయన చేలోకే వెళ్తున్నాం. అత్త ఎవరితోనూ మాట్లాడదు, వంగి కలుపు తీస్తుంది.

రోజూ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూచోగానే నన్ను ఒకటే అడుగుతుంది. "వాడు పోయేముందు ఏమన్నాడే? మీ తమ్ముడు రాశాడుగా, చదువు" అంటుంది. ఆవిడకి చదువు రాదు కాబట్టి బతికిపోయాను. కాగితం తీసి, చదువుతున్నట్టు చూసి, "‘అమ్మా’ అన్నాడంట అత్తా" అని చెబుతున్నాను. "ఇంకేమీ అనలేదా? నీ పేరు ఎత్తలేదా?" అంటుంది. "లేదు, అమ్మా అనే అన్నాడు" అంటాను. అది విన్నాక నాలుగు మెతుకులు తింటుంది.

నువ్వు ఇంటికి రాగానే ఆవిడ నిన్ను ఎదురుగా కూచోబెట్టి అడుగుతుంది. తడబడొద్దు. అమ్మా అన్నాడని చెప్పు. నేను పక్కన ఉన్నప్పుడు చెప్పు, లేనప్పుడూ అదే చెప్పు. ఎప్పుడైనా నా మీద కోపం వచ్చినా అదే చెప్పు. ఏ రోజైనా నేనే నీ దగ్గరికి వచ్చి, నిజంగా ఏమన్నాడురా అని అడుగుతానేమో. అప్పుడు నాతో కూడా అదే చెప్పు.

నీ అక్క
దీనమ్మ